మీ పిల్లాడి ఫోన్‌లో నల్ల సూర్యుడు కనబడితే ఏం చేయాలి

పోయిన వేసవిలో విజయవాడ సత్యనారాయణపురంలో మా తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు మా మేనల్లుడు ఫోన్‌లో ఏదో వీడియో చూపిస్తుంటే వాడి ప్రొఫైల్ బొమ్మ నా కంట్లో పడింది. నల్లటి చక్రం, మధ్యలోంచి పన్నెండు ఆకులు బయలుదేరి, ఒక్కో ఆకూ చివర మెరుపులా వంకర తిరిగి ఉంది. ఇదేంట్రా అని అడిగితే "సుదర్శన చక్రంలా బాగుందని పెట్టుకున్నా అత్తా, గేమ్‌లో మా టీమ్ అందరికీ ఇదే" అన్నాడు. నేను గుంటూరులో చాలా ఏళ్ళుగా చరిత్ర పాఠాలు చెబుతున్నదాన్ని, అది సుదర్శన చక్రం కాదని చూడగానే తెలిసింది, వాడికి ఎలా చెప్పాలో మాత్రం తోచలేదు. ఆ రోజు నేను చేసిన మొదటి పనే తప్పు. తమ్ముడిని పిలిచి "వీడు నాజీల గుంపులో చేరాడు" అన్నాను. తమ్ముడు ఫోన్ లాక్కున్నాడు, పిల్లాడు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు, రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఆ తర్వాత నెమ్మదిగా చేసిన పనులు పనికొచ్చాయి. గేములాడే పిల్లలు ఇంట్లో ఉన్నవాళ్ళకీ, పిల్లల్ని అమెరికాకో జర్మనీకో పంపుతున్నవాళ్ళకీ అక్కరకొస్తాయని అవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ బొమ్మ సంగతి. జర్మనీలో వేవెల్స్‌బర్గ్ అని ఒక కోట ఉంది. హిట్లర్ ఎస్ఎస్ దళానికి అధిపతి అయిన హిమ్లర్ 1934లో దాన్ని తీసుకుని తన పెద్ద ఆఫీసర్లకి ఒక పవిత్ర స్థలంలా తయారు చేయాలనుకున్నాడు. ఆ కోట ఉత్తరపు బురుజులో ఒక హాలు నేల మీద రాయితో పరిపించిన బొమ్మ ఇది. 'నల్ల సూర్యుడు' అన్న పేరు యుద్ధం అయిపోయాక చాలా కాలానికి తగిలించారు. ఈ ఆకారం వైకింగుల (పాతకాలపు ఉత్తర యూరప్ సముద్ర యోధుల) నుంచి రాలేదు, నాజీలు వేయించుకున్నది. 2019 మార్చి 15న న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో మసీదుల్లో 51 మందిని చంపినవాడూ, 2022 మేలో అమెరికాలోని బఫెలోలో ఒక సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి 10 మంది నల్లజాతివాళ్ళని చంపినవాడూ ఇద్దరూ ఈ బొమ్మనే వాడారు. అందుకే దీన్ని చూసి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవాళ్ళ గొడవ మనకెందుకు అని మా తమ్ముడే అన్నాడు. 2012 ఆగస్టులో విస్కాన్సిన్ రాష్ట్రం ఓక్ క్రీక్‌లో గురుద్వారాలో వంట చేసుకుంటూ, ప్రార్థనకి సిద్ధమవుతూ ఉన్న సిక్కుల మీద కాల్పులు జరిపి ఆరుగురిని అక్కడికక్కడే చంపినవాడు తెల్లజాతి ఆధిపత్యవాది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేత అనే ఊళ్ళో ఆఫీసు అయ్యాక స్నేహితుడితో కూర్చున్న మన తెలుగు ఇంజినీరుని "నా దేశం నుంచి పో" అని అరిచి కాల్చేశారు. ఆ రెండో హంతకుడికి ఏ పేగన్ గుంపుతోనూ (క్రైస్తవానికి ముందునాటి యూరప్ దేవుళ్ళని కొలిచేవాళ్ళతో) సంబంధం లేదు, కానీ రంగు చూసి మనిషిని పరాయివాడిని చేసే ఆలోచన ఒకటే. ఇంకో సంగతి కూడా ఉంది. 2025 జూన్ నుంచి అమెరికా స్టూడెంట్ వీసాకి అప్లై చేసేవాళ్ళని సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. మావాడు ఎమ్మెస్‌కి వెళ్దామనుకుంటున్నాడు, ఆ బొమ్మతో ఇంటర్వ్యూకి వెళ్తే ఏమయ్యేదో తలుచుకుంటేనే టెన్షన్.

సరే, ఏం చేయాలి. మొట్టమొదట, ఏ గుర్తు చూసినా కంగారు పడకండి. థోర్ సుత్తి లాకెట్ మెళ్ళో వేసుకున్న ప్రతివాడూ నాజీ అనుకుంటే మీ మాట పిల్లాడు మళ్ళీ నమ్మడు, పైగా అది అన్యాయం కూడా. క్రైస్తవం రాకముందు ఉత్తర యూరప్‌లో ఓడిన్, థోర్, ఫ్రేయా లాంటి దేవతలని కొలిచేవారు, ఆ పూజల్ని ఈ కాలంలో మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మతాన్ని ఆసాత్రూ అంటారు, హీథెన్ అని కూడా చెప్పుకుంటారు. ఐస్‌లాండ్‌లో 1972లో స్వేన్‌బ్యోర్న్ బేన్‌తేన్సన్ అనే ఆయన, గొర్రెలు పెంచుకుంటూ పాత పద్యాలు పాడే మనిషి, కొందరితో కలిసి సంఘం పెట్టాడు, మరుసటి ఏడాదే ప్రభుత్వం దాన్ని మతంగా గుర్తించింది. వాళ్ళు చేసే బ్లోట్ అనే పండుగ గురించి చదివినప్పుడు నాకు మా ఊళ్ళో గంగానమ్మ కొలుపు గుర్తొచ్చింది. ఆరుబయట అందరూ చేరడం, దేవతకి ఇంత పోయడం, తర్వాత కలిసి తినడం, తాగడం. ఆ ఐస్‌లాండ్ సంఘం మగవాళ్ళిద్దరికీ, ఆడవాళ్ళిద్దరికీ కూడా పెళ్ళిళ్ళు చేస్తుంది, దానికి కోపం వచ్చి వేరే దేశాల నుంచి జాతివాద పేగన్లు 2015లో వాళ్ళకి బెదిరింపు ఉత్తరాలు రాశారు. అమెరికాలో చనిపోయిన సైనికుల సమాధుల మీద చెక్కడానికి ఒప్పుకున్న మత చిహ్నాల్లో 2013 నుంచి థోర్ సుత్తి కూడా ఉంది. కాబట్టి ఆ మతం వేరు, దాని బట్టలేసుకుని వచ్చిన గుంపులు వేరు. మీరు పట్టుకోవాల్సింది ఆ రెండో రకాన్ని.

వాళ్ళని పట్టుకోవడానికి నేను వాడే ప్రశ్న ఒక్కటే: ఈ దేవుణ్ణి నేను కొలవొచ్చా? గుంటూరు నుంచి వచ్చిన చామనఛాయ ఆడమనిషిని నేను, మీ పూజకి వస్తే రానిస్తారా? రండి అంటే వాళ్ళు భక్తులు. మా దేవుళ్ళు మా రక్తంలో ఉంటారు, మీ పూర్వీకులు మావాళ్ళు కాదు కాబట్టి మీకు కుదరదు అంటే ఇక మిగతావి చూడక్కర్లేదు. ఈ 'రక్తం' వాదులని అక్కడ ఫోకిష్ అంటారు, మర్యాదగా వినిపించేలా 'ఎవరి మతం వాళ్ళకి, ఎవరి జాతి వాళ్ళది' అంటారు, విన్నప్పుడు తప్పేముంది అనిపిస్తుంది. పిల్లలు పడిపోయేది సరిగ్గా ఈ మాటకే.

ఈ రక్తం మాట ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం తెలిసి ఉంటే పిల్లలతో మాట్లాడటం తేలిక. వియన్నాలో గ్విడో ఫోన్ లిస్ట్ అనే ఆయన ఉండేవాడు. కంటి ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు చూపు లేకుండా ఉన్నప్పుడు రూన్ అక్షరాల (ఉత్తర యూరప్ పాత లిపి) రహస్యం తనకి తెలిసిపోయిందని చెప్పుకుని, 1908లో 18 అక్షరాల వరుసని అచ్చేశాడు. అసలు పాత రూన్ వరుసలో ఉన్నవి 24 అక్షరాలు, వైకింగుల కాలానికి అవి 16కి తగ్గాయి, 18 అనేది ఆయన సొంత కల్పన. ఆ కల్పనకి ఆర్య జాతి గొప్పతనం కలిపి చెప్పిన గుంపుల నుంచే హిమ్లర్ లాంటివాళ్ళు తమ రూన్‌ల పిచ్చి తెచ్చుకున్నారు. యుద్ధంలో ఓడిపోయాక నాజీ పేరుతో తిరగడం కుదరదు, అలాంటప్పుడు మతం మంచి ముసుగు. 1969లో కెనడాలో ఎల్సా క్రిస్టెన్సెన్ అనే ఆవిడ ఓడిన్ పేరుతో సంఘం పెట్టి, జైళ్ళలో ఉన్న తెల్లవాళ్ళకి కూడా దాన్ని అందించింది. అమెరికాలో డేవిడ్ లేన్ అనేవాడు, 1984లో డెన్వర్‌లో ఒక యూదు రేడియో వ్యాఖ్యాతని చంపిన ముఠా సభ్యుడు, జైల్లో కూర్చునే ఓడిన్ పేరుతో జాతి మతం ఒకటి నడిపించాడు. తెల్లజాతి గురించి వాడు రాసిన ఒక వాక్యంలో పద్నాలుగు పదాలు ఉంటాయి, అందుకే ఆ గుంపుల్లో 14 అనే అంకె అంత తిరుగుతుంది. దాని పక్కన 88 ఉంటే, ఇంగ్లిష్ అక్షరాల్లో ఎనిమిదోది హెచ్, రెండు హెచ్‌లు అంటే హిట్లర్‌కి జై. యూజర్ పేరు చివర 1488 అని చూస్తే పుట్టినరోజు అనుకోకండి.

ఇప్పటి ఫోకిష్ సంఘాల్లో ఎక్కువగా వినబడేది ఆసాత్రూ ఫోక్ అసెంబ్లీ. స్టీఫెన్ మెక్‌నాలెన్ 1990ల్లో మొదలుపెట్టాడు, అమెరికాలో ఇలాంటి గుంపుల మీద కన్నేసి ఉంచే సదర్న్ పావర్టీ లా సెంటర్ వాళ్ళు దీన్ని ద్వేషపు సంఘాల జాబితాలో పెట్టారు. 2020లో మిన్నెసోటాలోని మర్డాక్ అనే చిన్న ఊళ్ళో, మూడు వందల మంది కూడా ఉండరు, వీళ్ళు ఒక పాత లూథరన్ చర్చి కొనుక్కున్నారు. ఊరివాళ్ళు గట్టిగా వ్యతిరేకించినా మత స్వేచ్ఛ చట్టాలకి భయపడి పాలక మండలి ఆ డిసెంబరులో అనుమతి ఇచ్చింది. ఈ సంఘంతో మాకు సంబంధం లేదని పేగన్లే చెప్పారు. ఓడిన్ చెప్పినట్టుగా పాత ఐస్‌లాండ్ భాషలో ఉన్న హావమాల్ అనే పద్యాల్లో 127వ పద్యం, చెడ్డ పని కనబడితే అది చెడ్డదని చెప్పు అంటుంది. దాని పేరు మీదే 2016లో డిక్లరేషన్ 127 అని రాసుకుని 20కి పైగా దేశాల నుంచి 180కి పైగా సంఘాలు సంతకం చేశాయి. ఒక సంఘం మంచిదో కాదో తెలియకపోతే వాళ్ళు ఈ ప్రకటన గురించి ఏమంటున్నారో చూడండి, చాలావరకు తేలిపోతుంది. అమెరికాలో 1987 నుంచి ఉన్న ది ట్రోత్ అనే సంఘం ఎవరినైనా రానిస్తుంది.

గుర్తుల గురించి ఇంకొంచెం. నల్ల సూర్యుడు కనబడితే, పెట్టుకున్నవాడికి దాని అర్థం తెలియకపోవచ్చు గానీ వాడికి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చోటు మాత్రం మంచిది కాదు. పక్కపక్కన రెండు మెరుపుల్లాంటి అక్షరాలు ఎస్ఎస్ గుర్తు, అందులో సందేహమే అక్కర్లేదు. కింద రెండు కాళ్ళున్న డైమండ్ ఆకారం ఓతల రూన్, పాత అర్థం వారసత్వపు ఆస్తి. 2016లో అమెరికా నేషనల్ సోషలిస్ట్ మూవ్‌మెంట్ తన జెండా మీద నాజీ గుర్తు తీసేసి దీన్ని పెట్టుకుంది, మరుసటి ఏడాది షార్లట్స్‌విల్‌లో తెల్లజాతివాదులు తీసిన ఊరేగింపులో కూడా కనబడింది, కానీ మామూలు పేగన్లూ వాడతారు. పైకి చూసే బాణం ఆకారం టీర్ రూన్, ఉత్తర యూరప్‌లోని నాజీ గుంపు నార్డిక్ రెసిస్టెన్స్ మూవ్‌మెంట్ జెండా మీద ఉండేది అదే. ఒకదానిలో ఒకటి దూరిన మూడు త్రికోణాలు వాల్క్‌నట్, 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనంలోకి కొమ్ముల టోపీతో దూరిన మనిషి ఛాతీ మీద దాన్నీ, థోర్ సుత్తినీ అందరూ చూశారు. ఇవి రెండూ గేముల్లో, టీషర్టుల మీద, దేవుణ్ణి నమ్మేవాళ్ళ దగ్గర ఎక్కడపడితే అక్కడ ఉంటాయి, వీటిని బట్టి ఏమీ తేల్చలేం. గుర్తు పక్కన ఏముందో చూడండి: అంకెలు, హిట్లర్ ఫొటోలు, యూదుల మీద కార్టూన్లు, హంతకులని 'సెయింట్' అనడం. క్రైస్ట్‌చర్చ్ హంతకుడు తన రాతల్లో వల్హల్లాలో (చనిపోయిన వీరులు చేరే ఓడిన్ సభలో) కలుద్దాం అని రాశాడు, 2011 జులై 22న నార్వేలో 77 మందిని చంపినవాడు తన తుపాకులకి ఓడిన్ ఈటె పేరూ థోర్ సుత్తి పేరూ పెట్టుకున్నాడు. వీళ్ళని దేవుళ్ళలా మొక్కే గుంపులు టెలిగ్రామ్‌లో తయారయ్యాయి, అందులో టెర్రర్‌గ్రామ్ అనేదాన్ని 2025 జనవరిలో అమెరికా ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. మీ పిల్లాడి చాట్‌లో ఇలాంటి పొగడ్త కనబడితే అప్పుడు మాత్రం నిజంగా కంగారు పడాలి.

ఇప్పుడు మన పిల్లలే ఎందుకు పడతారన్నది. నేను ఎక్కువ ఆలోచించింది దీని గురించే. తెల్లవాడే గొప్ప అనే గుంపులో విజయవాడ పిల్లాడికి ఏం పని అని మీకూ అనిపిస్తుంది. అక్కడ మన మాటలు తిరుగుతుంటాయి: ఆర్య, కలియుగం, అవతారం. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో 1905లో పుట్టిన మాక్సిమియానీ పోర్టాస్ అనే ఆవిడ 1930ల్లో మన దేశానికి వచ్చి, సావిత్రీ దేవి అని పేరు మార్చుకుని, కలకత్తాలో ముఖర్జీ అనే ఆయన్ని పెళ్ళి చేసుకుని, హిట్లర్ విష్ణుమూర్తి అవతారమని ప్రచారం చేసింది. ఇండియాలో చిలీ రాయబారిగా పనిచేసిన మిగెల్ సెరానో కూడా అదే దారి. వాళ్ళు వదిలిన మాటలే ఇప్పుడు మీమ్స్ అయ్యాయి. పదిహేడేళ్ళ కుర్రాడు విదేశీయుల నోట కలియుగం అని వినగానే మన సంస్కృతిని గౌరవిస్తున్నారని పొంగిపోతాడు. మావాడు సరిగ్గా అదే అన్నాడు, "అత్తా, వాళ్ళు మనల్ని కూడా ఆర్యులనే అంటారు."

దీనికి నేను చెప్పిన జవాబు ఇది. ఆర్య అనేది భాషలకి సంబంధించిన మాటేనని, దాన్ని మనుషుల రక్తానికీ పుర్రెలకీ అంటించొద్దని మాక్స్ ముల్లర్ 1888లోనే రాశాడు. మనం మాట్లాడే తెలుగు అసలు ఆ కుటుంబమే కాదు, ఇప్పుడు ద్రావిడ భాషలంటున్న కుటుంబానిదని మద్రాసులో ఎల్లిస్ అనే ఇంగ్లిష్ అధికారి 1816లోనే తేల్చాడు. ఆ లెక్కన వాళ్ళ గుమ్మంలోకి కూడా మనల్ని రానివ్వరు. దానికి వాడేం మాట్లాడలేదు. అప్పుడు ఇంకో మాట కూడా అన్నాను, అనడం కష్టమైనా అన్నాను: రక్తాన్ని బట్టి మనిషి ఎక్కువ తక్కువలు లెక్కపెట్టడం మనకి కొత్త కాదురా, మన ఇళ్ళలో పెళ్ళి మాటలప్పుడు వినే మాటలే అవి, అందుకే నీ చెవికి తప్పుగా అనిపించలేదు. మీ ఇంట్లో కులం గొప్పలు రోజూ వినబడుతుంటే పిల్లాడికి ఈ విషం చేదుగా ఉండదు. ముందు మన మాటలు మార్చుకోవాలి.

మాట్లాడే పద్ధతి గురించి నా అనుభవంలో తెలిసింది చెబుతాను. ఫోన్ లాక్కోవద్దు, లాక్కుంటే ఇంకో ఖాతా తెరుస్తాడు, మీకు మాత్రం చూసే దారి పోతుంది. నలుగురి ముందు అడగొద్దు. నేను మావాడిని బండి మీద అమరావతి తీసుకెళ్ళాను, కరకట్ట మీద వెళ్తుంటే ఎదురెదురుగా కూర్చుని మొహాలు చూసుకోవాల్సిన పని లేదు కాబట్టి వాడే మాట్లాడాడు. ఎవరితో ఆడుతున్నావు, వాళ్ళ పేర్లేంటి, వాళ్ళలో నీకు నచ్చేవాడెవరు, ఎందుకు, ఇలా అడిగాను. కాలేజీలో వాడికి పెద్దగా స్నేహితులు లేరు, రాత్రి రెండింటికి "బ్రో ఎలా ఉన్నావ్" అని అడిగేది ఆ టీమ్ ఒక్కటే. ఇది వాళ్ళ నాన్నకీ తెలియదు, నాకూ తెలియదు. బొమ్మ కంటే ముందు మేం చూడాల్సింది ఇది.

అమరావతి స్తూపం దగ్గర బుద్ధ పాదాల గురించి చెప్పాను. ఇక్కడ దొరికిన ఒక బుద్ధపాదం రాయి మీద, కాలివేళ్ళ దగ్గర, స్వస్తిక్ గుర్తులు ఉన్నాయి, అది ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. తర్వాత హెల్గో సంగతి చెప్పాను. స్వీడన్‌లో స్టాక్‌హోమ్ దగ్గర హెల్గో అనే దీవిలో 1950ల్లో తవ్వుతుంటే చిన్న కంచు బుద్ధుడి బొమ్మ బయటపడింది, మన ఉపఖండపు వాయువ్య మూల, స్వాత్ లోయ వైపు తయారైందని చెబుతారు. వైకింగుల దేశానికి ఆ బుద్ధుడు చేతులు మారి మారి వెళ్ళాడు. స్వచ్ఛమైన రక్తం, పరాయివాళ్ళని రానివ్వని వైకింగులు అన్న కథకి ఆ అరచేతి బొమ్మ చాలు. మావాడు ఫోన్‌లో దాని ఫొటో వెతికి చాలాసేపు చూశాడు.

వారం తర్వాత వాడే టీమ్‌లో ఆ చక్రం ఎక్కడిదో రాశాడు. ముగ్గురు మాకూ తెలియదు అని బొమ్మ మార్చేశారు. ఒకడు మాత్రం వీడి రంగు గురించి రాయకూడని మాట రాశాడు. మావాడు స్క్రీన్‌షాట్ తీసి, ఆ ఖాతాని రిపోర్ట్ చేసి, గుంపులోంచి వచ్చేశాడు. మీరూ ఇదే వరుసలో చేయించండి: ముందు స్క్రీన్‌షాట్, తర్వాత రిపోర్ట్, తర్వాత బయటికి, వాదన మాత్రం వద్దు. ఎక్కడో ఎవరినో చంపుతామన్న మాటలుంటే నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, మన దగ్గర అప్పటికప్పుడు ప్రమాదం అనిపిస్తే 112. పిల్లాడు మరీ ముడుచుకుపోయి ఉంటే టెలి మానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు.

విదేశం వెళ్ళే పిల్లలకి చెప్పాల్సినవి కొన్ని. మన గుమ్మం మీద పసుపు కుంకుమలతో వేసే స్వస్తిక్, దుర్గమ్మ గుడి దగ్గర కొత్త బండికి వేయించే స్వస్తిక్ మనకి శుభం, అక్కడ యూదు స్నేహితుడికి అది వాళ్ళ తాతముత్తాతల చావు. కాలిఫోర్నియాలో 2022లో చట్టం మార్చినప్పుడు మన స్వస్తిక్ వేరు, నాజీల హాకెన్‌క్రూజ్ వేరు అని రాశారు, అయినా ప్రతి పక్కింటివాడికీ ఆ చట్టం తెలిసి ఉండదు. పూజ గదిలో ఉంచుకోండి, కారు మీదా తలుపు బయటా వద్దు, ఎవరైనా అడిగితే కోపం తెచ్చుకోకుండా వివరించండి. జర్మనీలో క్రిమినల్ కోడ్ 86ఎ సెక్షన్ కింద నాజీ గుర్తులూ, ఎస్ఎస్ రూన్‌లూ బయట ప్రదర్శించడం నేరం, కాబట్టి గేమ్ టీషర్టులు కూడా ఒకసారి చూసుకుని సర్దుకోవాలి. రూమ్మేట్ మెళ్ళో థోర్ సుత్తి ఉంటే భయపడకుండా దాని గురించి అడగమనండి, దేవుణ్ణి నమ్మేవాడైతే సంతోషంగా చెబుతాడు. ఆ సుత్తి పక్కన 1488 పచ్చబొట్టు ఉంటే మాట పెంచకుండా పక్కకి వచ్చేసి ఇల్లు మారే ప్రయత్నం చేయాలి, బెదిరిస్తే 911, క్యాంపస్‌లో అయితే యూనివర్సిటీ పోలీసులు. ఆ నంబర్లు విమానం ఎక్కకముందే ఫోన్‌లో వేసుకోమనండి.